పండ్లు వద్దన్నారు

వరంగల్,
22 జూన్ 2025, ఆదివారం.

పూజ్యురాలైన పద్మలత అత్తమ్మకు,

మేనకోడలు సౌమ్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం అని రాయబోయి కలం ఆపాను. ఒక్క నాలుక తప్ప మిగతా అందరం క్షేమం. బల్లార్షాలో నువ్వు, మామయ్య, పెళ్ళికూతురు దీప వదిన కుశలమని తలుస్తాను. ఈ ఎండల్లో రైలు డ్యూటీ చేసి వచ్చే మామయ్యకు నేను ప్రత్యేకంగా అడిగానని చెప్పు.

ఫోన్ ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. మన ఇల్లు నీకు తెలియనిదా? ముందు కిరాణా దుకాణం, వెనక రెండు గదులు. వంటింట్లో తుమ్మితే గల్లా దగ్గరున్న నాన్న "చిరంజీవ" అంటాడు. నాయనమ్మ సంగతి నాయనమ్మ వినకుండా నీకు చెప్పాలంటే కాగితమే దిక్కు. ఇంకో కారణం కూడా ఉంది. డిగ్రీలో తెలుగు తీసుకున్నప్పటి నుంచి నాకు మాటల పిచ్చి పట్టింది. ఎవరేం చెప్పినా అర్థం కన్నా ముందు ఆ మాటే చెవిలో మోగుతోంది. మన ఇంట్లో ఈ మూడు నెలల గందరగోళమంతా ఒక మాట దగ్గరే దారి తప్పింది. అలాంటిదాన్ని ఫోన్‌లో గబగబా చెప్పేస్తే నా మనసు ఒప్పదు.

ఫిబ్రవరిలో వదిన నిశ్చితార్థం నాడు జరిగింది నేను మళ్ళీ గుర్తు చేయకూడదు గానీ, అది లేకుండా ఇది చెప్పలేను. నాయనమ్మ పప్పు ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పక్కన కొత్త వియ్యపురాలు వింటుండగానే, "ఏందే పద్మా, పెండ్లి పప్పా ఇది, దవాఖాన పప్పా? ఉప్పు లేదు, కారం లేదు" అంది. నువ్వు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయావు. తర్వాత వంటగదిలో, "నీ నాలుక కాలిపోను, ఇయ్యాల ఒక్కనాడన్న జర ఊకోరాదే అమ్మా" అన్నావు. అన్నది మెల్లగానే. కానీ మన వాళ్ళ వంటగదుల్లో మెల్లగా అన్న మాటే దూరం వినిపిస్తుంది.

మార్చి నెలలో నాయనమ్మ "నాలుక మండుతాంది" అని మొదటిసారి పైకి చెప్పింది. నాన్నకు కోపమొచ్చి నీకు ఫోన్ చేసి, "నువ్వన్న మాటకే అమ్మ నాలుక మండుతాంది, సంబురమేనా?" అన్నాడు. ఆ మాటకు నువ్వు రెండు పూటలు తిండి మానేశావని వదిన చెప్పింది. శ్రావణంలో పెళ్ళి పెట్టుకుని కూడా, బొట్టు పెట్టి పిలవడానికి నువ్వు ఇంతవరకు పుట్టింటి గడప తొక్కలేదు. మే నెలలో ఫోన్ చేసినప్పుడల్లా నాయనమ్మ అందుకోవడం, నువ్వు "అమ్మా, అమ్మా" అనడం, ఆమె ఒక్క మాటా అనకుండా ఫోన్ నాన్న చేతిలో పెట్టడం. "అమ్మ నన్ను మాఫ్ చెయ్యలే. ఏ మొకం పెట్టుకుని పోవాలె?" అని నువ్వు వదినతో అన్నావట.

అత్తమ్మా, ఆ మంట నీ మాట వల్ల వచ్చింది కాదు. అది నాకెలా తెలిసిందో చెప్తాను.

మొదట నేను నాయనమ్మను, నోరు పూసిందా అని అడిగాను. "పూస్తే కనవడదానే? పూయలే, పొక్కలే. ఉత్తగనే సుర్రుమంటాంది" అంది. ఎంత చక్కగా విడదీసిందో చూడు! పూయడమంటే లోపల పుండ్లు లేవడం. పొక్కడమంటే వేడికో ఘాటుకో పొర ఉబ్బి లేవడం. మండడం వేరే. పైకి ఏమీ కనిపించకపోయినా మండవచ్చు. పుండుకు పువ్వు మాటను అతికించిన వాళ్ళెవరో గానీ, ఆ రోజంతా నాకు ఆ మాటే నోట్లో తిరిగింది. నాయనమ్మ అవస్థ పక్కన పెట్టి మాట గురించి మురిసిపోతున్నానని అమ్మ నెత్తిన మొట్టింది కూడా.

మిరపకాయల తొడిమలు తీయడానికి వచ్చే మొగిలమ్మ తీర్పు వెంటనే వచ్చేసింది. "బిడ్డ నోటి మాట తాకింది. ఉప్పు దిప్పి పొయ్యిల వెయ్యున్రి" అంది. దానికి నాయనమ్మ ఏమందో వింటే నువ్వు నవ్వాలో ఏడ్వాలో తెలియదు. "దాని తిట్టుకే గంత బలముంటే, దాని పప్పు గంత సప్పగెందుకుంటదే?" అంది. అంటే శాపం సంగతి ఆమె ఏనాడూ నమ్మలేదు. నమ్మింది నాన్న, మొగిలమ్మ, నువ్వు.

నర్సింగ్ చదివే నా స్నేహితురాలు సింధును అడిగితే, నాలుక మంటకు కారణాలు బోలెడు ఉంటాయి, ఒక్కోటి తీసేసుకుంటూ పోవాలంది. నాకు అంతకన్నా ఏం కావాలి? మొదట చాయ్ పట్టుకున్నాను. నాయనమ్మ పొగలు కక్కే చాయ్ గుటుక్కున మింగుతుంది కదా, చల్లార్చి ఇచ్చాను. "చాయ్ తాపుతాన్నవా, బట్టలు తడిపిన నీళ్ళు తాపుతాన్నవా?" అంది గానీ తాగింది. మంట తగ్గలేదు. కొన్ని టూత్‌పేస్టుల్లోని ఘాటు, దాల్చినచెక్క వాసన పడక కూడా నాలుక మండుతుందట. పేస్టు మార్చాం. వక్కాకులో సున్నం తినేస్తుందని వక్కాకు ఆపించాం. దుకాణంలోకి మనం నూరే తొక్కు పచ్చళ్ళ రుచి చూడొద్దన్నాం. అక్కడ మాత్రం ఆమె ముఖం చిన్నబోయింది. ఆమె పేరు మీదే, పూలమ్మ తొక్కు అని అడిగి కొనుక్కుపోతారు కదా జనం. పూలమ్మ నోట్లో వేసుకోకుండా అది పూలమ్మ తొక్కు ఎలా అవుతుంది? "ఇంగ మంచినీళ్ళు గూడ బంద్ వెట్టు, నీ చదువు పూర్తయితది" అంది.

ఏం చేసినా తగ్గలేదు. నాన్న లోలోపల పెద్ద రోగమేమోనని భయపడుతున్నాడు. ఎవరికీ చెప్పలేదు గానీ, దుకాణంలో గుట్కా పొట్లాలు కొనడానికి వచ్చిన వాళ్ళ మీద అకారణంగా అరిచి పంపేస్తున్నాడు.

ఏప్రిల్‌లో సుబేదారిలో కొత్తగా పెట్టిన ఒక క్లినిక్‌కు స్కూటీ మీద తీసుకుపోయాను. డాక్టరమ్మ విశాఖ వైపు నుంచి వచ్చింది, మంచిది, చాలా ఓపిక. నేను బండికి నీడ వెతుక్కుని వచ్చేసరికి నాయనమ్మ లోపలికి పోయి బయటికి కూడా వచ్చేసింది. చేతిలో చీటీ ఉంది. నోటిపూతకు రాసే మందు, ఏవో గోలీలు, కింద ఇంగ్లీషులో ఒక వాక్యం. పండ్లు పూర్తిగా మానాలి, ముఖ్యంగా పుల్లనివి అని. నేను ఇంటికొచ్చి అమ్మకు చదివి వినిపించాను. ఆ రోజు నుంచి మన ఇంట్లోకి మామిడిపండు రాలేదు, ద్రాక్ష రాలేదు, దేవుడి దగ్గర పెట్టిన అరటిపండు కూడా మొగిలమ్మ పిల్లలకు పోయేది.

అదే రోజు నాయనమ్మ కట్టుపండ్లు తీసి గ్లాసులో పెట్టేసింది. వదిన నిశ్చితార్థానికి నిండుగా కనిపించాలని జనవరిలో కొత్తగా చేయించుకుంది చూశావా, అవే. పాత సెట్టు వదులైపోయిందని నాన్నతో పోరాడి మరీ చేయించుకుంది. అలాంటిది తీసేసింది. "పండ్లేవి నాయనమ్మా?" అని అడిగాను. "వద్దన్నది గద డాక్టరమ్మ" అంది, నోరు చేత్తో మూసుకుని. నేనడిగింది నోట్లో పండ్ల గురించి. ఆమె తినే పండ్ల గురించి అనుకుని జవాబిచ్చిందనుకున్నాను. వయసు మీద పడి చెవి మందగించిందని అమ్మతో అని నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నా చెవినే మెలిపెట్టాలనిపిస్తోంది.

ఆ తర్వాత ఏమైందో ఊహించు. పండ్లు లేని నోటితో రొట్టె నమలలేదు, కూర నమలలేదు. పాలబువ్వ, మజ్జిగ, మళ్ళీ పాలబువ్వ. మెత్తగా దిగేది అరటిపండు ఒక్కటే, అది మేమే ఇంట్లోకి రానివ్వలేదు! ఒకసారి మొగిలమ్మ పిల్ల చేతిలో అరటిపండును నాయనమ్మ అలా చూస్తుంటే, అమ్మ "వద్దన్నరు గద అత్తమ్మా" అంది. నాయనమ్మ "ఔ, తీసేసిన" అంది. ఇద్దరూ తలూపుకున్నారు. ఇద్దరికీ అర్థమైంది, వేర్వేరు సంగతులు. మనిషి చిక్కిపోయింది. మాట తగ్గింది. దుకాణంలోకి రావడం మానేసింది. "పండ్లు తీసేసి మూలకు కూసున్నదంటే అమ్మ బతుకు మీద ఆశ ఇడిసినట్టే" అని నాన్న దుకాణం షట్టరు దించుతూ అన్నాడు. ఆయన గొంతు అలా ఉండగా నేనెప్పుడూ వినలేదు.

విచిత్రమేమిటంటే, నాలుక పక్కల మంట తగ్గింది! కొసన, మధ్యన మాత్రం అలాగే ఉంది. మందు పనిచేస్తోందని నేను సంతోషపడ్డాను. కానీ సింధు ఒప్పుకోలేదు. "సగం నాలుకకే పనిచేసే మందు ఎక్కడుంటదే? పండ్ల డాక్టర్‌కు చూపియ్యి" అంది.

పోయిన వారం హనుమకొండలో డాక్టర్ కొమురెల్లి దగ్గరికి పోయాం. ఈసారి బండి ఎండలోనే వదిలేసి నాయనమ్మ వెంటే లోపలికి పోయాను. ఆయనది పరకాల దగ్గరి ఊరు. వేళ్ళతో మెడ తడిమాడు, నాలుక పైకెత్తించి కింద చూశాడు, లైటు వేసి ఒక్కో మూలా చూశాడు. మూడు వారాలైనా మానని పుండు గానీ, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, గట్టి గడ్డ గానీ ఉంటే భయపడాలట. అవేవీ లేవన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు ఆయన, "గని అవ్వా, పండ్లెందుకు తీసినవే? తినుడెట్ల మరి?" అని అడిగాడు.

"నీ అసొంటి డాక్టరే తియ్యిమన్నది బిడ్డా."

"ఎవరన్నరు?"

"సుబేదారి డాక్టరమ్మ. పొద్దుగాల పండ్లు వెట్టుకుంటనే సుర్రుమంటాంది అమ్మా అంటే, ఏ పండ్లని అడిగింది. కొత్త పండ్లని చెప్పిన. అయితే కొన్ని రోజులు పూర్తిగ బంద్ చెయ్యిమన్నది. చేసిన."

అది ఏప్రిల్ నెల అత్తమ్మా! కొత్త పండ్లంటే బజారుకు కొత్తగా వచ్చిన మామిడిపండ్లనుకుంది ఆ డాక్టరమ్మ. విశాఖ వైపు నోట్లోవి పళ్ళు. మనకు నోట్లోవీ పండ్లే, బుట్టలోవీ పండ్లే. నోట్లో పెట్టుకునేవి రెండూ. ఎవరిని తప్పు పడతాం? డాక్టర్ కొమురెల్లి ముందు పెదవి కొరుక్కుని, తర్వాత ఆగలేక కుర్చీ వెనక్కి వాలి నవ్వాడు. నాయనమ్మకు అర్థం కాలేదు. నేను చెవిలో చెప్పాను. "అంటే నేను తినాల్సిన అరటిపండ్లన్ని మొగిలమ్మ పిల్లలకు పెట్టిన్రానే మీరు?" అంది. అది మొదట గుర్తొచ్చింది ఆమెకు!

నాయనమ్మ సంచిలో తెచ్చిన కట్టుపండ్లు తిప్పి చూసి, అసలు సంగతి ఆయన తీరిగ్గా విప్పి చెప్పాడు. కొత్త కట్టుపండ్ల కింది సెట్టు అంచు ఒకచోట గరుకుగా ఉండి, మాట్లాడినప్పుడల్లా నాలుక పక్కలకు ఒరుసుకునేది. పైగా రాత్రి కూడా తీయకుండా పడుకునేది. పండ్లు తీసేయగానే పక్కల మంట తగ్గింది అందుకే. మరి కొసన, మధ్యన? అక్కడ నాలుక నున్నగా, ఎర్రగా ఉంది. మామూలు నాలుక మీద సన్నటి గరుకు ఉంటుంది కదా, అది అరిగిపోయింది. రక్తంలో ఏదో తక్కువైనట్టుంది, పరీక్ష చేయిద్దామన్నాడు. చేయిస్తే బీ పన్నెండు అనే విటమిన్ బాగా తక్కువ వచ్చింది. ముక్క ముట్టని ఇల్లు మనది. నాయనమ్మ వాడే షుగర్ గోలీలు కూడా ఏళ్ళ తరబడి వేసుకుంటే దాన్ని తగ్గిస్తాయట. ఆమెకు నీరసం, కాళ్ళ తిమ్మిర్లు అందువల్లేనేమో అన్నాడు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. నాలుక బాగుపడడానికి కొన్ని వారాలు పడుతుంది, ఫికర్ చేయొద్దన్నాడు.

ఆ తర్వాత ఆయన అడిగిన ఒక ప్రశ్న కోసమే అత్తమ్మా, ఈ ఉత్తరం.

"రుచి ఎట్లున్నది అవ్వా? ఉప్పు, కారం తెలుస్తానయా?"

నాయనమ్మ చీరకొంగు సరిచేసుకుంది. నాకు మాత్రం సంక్రాంతికి ముందు దుకాణం దగ్గర జరిగిన గొడవ గుర్తొచ్చింది. కాశిబుగ్గ నుంచి వచ్చే ఒకాయన చింతకాయ తొక్కు డబ్బా తెచ్చి గల్లా మీద పెట్టి, "పెద్దమ్మ ఉప్పు బస్తా గుమ్మరించిందా ఏంది? నాలుక పెట్టరాకుంటున్నది" అన్నాడు. నాయనమ్మ ఒక వేలు నాకి, "సరిగ్గనే ఉన్నది, నీ పెండ్లాం కలిపి ఉంటది" అని వాదించి పంపింది. ఆ మరునాడు అమ్మ రుచి చూసి, ఆ జాడీ మొత్తం పక్కన పెట్టేసింది. అంటే నిశ్చితార్థానికి ముందే నాయనమ్మ నాలుకకు ఉప్పు అందడం లేదు. ఎంత వేసినా తక్కువే అనిపిస్తోంది.

నేను అన్నీ కలుపుకుంటుంటే, ఆమె అప్పటికే కలుపుకుంది. నెమ్మదిగా, నా వైపు చూడకుండా, "అయితే ఆ పప్పుల ఉప్పున్నదానే?" అంది.

ఉంది నాయనమ్మా అన్నాను. నేను రెండుసార్లు వేయించుకుని తిన్నాను కదా.

స్కూటీ మీద ఇంటికి బయల్దేరాం. చౌరస్తా దాటాక నా భుజం మీద చెయ్యి పడింది. "పదిమందిల దాని ఇజ్జత్ తీస్తిని" అంది. అంతే.

కనుక అత్తమ్మా, నీ తిట్టు వల్ల నాలుక పాడవలేదు. నాలుక పాడైనందుకే నువ్వు తిట్టాల్సి వచ్చింది. ముందూ వెనకా తారుమారైంది, అంతే. నాన్నకు కూడా ఇది చెప్పాను. ఆయన చాలాసేపు పప్పుల డబ్బాలు సర్దుతూ ఉండి, "పద్మకు నేనే ఫోన్ చేసి చెప్పాల్నేమో" అన్నాడు. చేశాడో లేదో, ఆయన సంగతి నీకు తెలుసు కదా. అందుకే నేను రాస్తున్నాను.

బొట్టు పెట్టడానికి రా. కాజీపేటలో దిగితే నేనే వచ్చి తీసుకొస్తాను. వదినను కూడా తీసుకురా. ఉప్పు చూడ్డానికి ప్రస్తుతం ఇంట్లో అమ్మ నాలుక ఉంది, నాది ఉంది. పనికొస్తాం.

మామయ్యకు నమస్కారాలు, వదినకు ముద్దులు.

నీ ముద్దుల మేనకోడలు, కొంచెం వాగుడుకాయ,
సౌమ్య

తాజా కలం, సోమవారం: ఉత్తరం కవరులో పెట్టి పోస్టు చేయకుండానే కాలేజీకి పోయాను. మంచిదే అయింది. ఇవాళ క్లాసులో అక్షరాలు నోట్లో ఎక్కడెక్కడ పుడతాయో చెప్పారు. త, ద, న పుట్టాలంటే నాలుక పండ్లకు తగలాలట, అందుకే వాటిని దంత్యాలంటారట. ఇంటికి రాగానే అదో పెద్ద వింతలాగా నాయనమ్మకు చెప్పాను, పండ్లు లేకపోతే "ద" పలకదట అని. ఆమె బియ్యం చెరగడం ఆపి, "గది నాకు మీ సారు చెప్పాల్నా?" అంది. ఆ తర్వాత ఇంకెవరికీ చెప్పనిది నాకు చెప్పింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు ఆమె మాట్లాడకపోయింది కోపంతో కాదు అత్తమ్మా. "పద్మా అని పిలుద్దామంటే 'పమ్మా' అని వచ్చింది. దీప అందామన్నా జారిపోయింది. అవతల వియ్యపురాలుంటదేమో, బిడ్డ పేరు గూడ పలకరాని తల్లి అనుకుంటరని ఫోన్ మీ నాయిన చేతుల పెట్టిన" అంది. డాక్టర్ అంచు నున్నగా అరగదీసి ఇచ్చాడు. నాలుక అలవాటయ్యేదాకా పూటకు కాసేపే పెట్టుకోవాలన్నాడు. ఆ కాసేపూ ఆమె వెనక గది తలుపు దగ్గరికి వేసుకుని గొణుక్కుంటుంటే, ఏదో జపం అనుకున్నాను. ఇవాళ చెవి ఆనించి విన్నాను. పద్మ, దీప, పద్మ, పద్మ. ఫోన్ చేస్తే సాయంత్రం ఆరు దాటాక చెయ్యి. అప్పటికి పండ్లు పెట్టుకుని ఉంటుంది.